నీరు తిరిగిన కార్తీకం

గాలికీ నీటికీ ఉన్న సంబంధం చెప్పేటప్పుడు నా గొంతు మారిపోతుందని మా కాలేజీ పిల్లలు అంటారు. అమలాపురంలో ఇంటర్మీడియట్ వాళ్ళకి ఫిజిక్స్ చెబుతాను. భూమి తిరుగుతోంది కాబట్టి గాలి తోసిన నీరు గాలి పోయిన దారినే పోదు, మన అర్ధగోళంలో కుడివైపుకి ఒరుగుతుంది. ఇంతే విషయం. రెండు మార్కుల ప్రశ్న. పిల్లలు రాసుకుని పేజీ తిప్పేస్తారు. నేను మాత్రం అక్కడే ఆగిపోతాను. నీరు అలా కుడికి ఒరగడం మీదే మా ఇంట్లో ఒక మనిషి చావు నిలబడి ఉంది. ఆ సంగతి క్లాసులో ఎప్పుడూ చెప్పలేదు.

మాది అల్లవరం మండలంలో సముద్రం ఒడ్డున ఒక పేట. మా వాళ్ళందరిదీ చేపల వేట. సముద్రానికి కూడా ఇంటికున్నట్టే ఒక అరుగు ఉంటుందని మా నాన్న చెప్పేవాడు. ఒడ్డు నుంచి కొంతదూరం దాకా లోతు తక్కువ. ఆ అరుగు దిగితే ఇక అడుగు అందదు. పుస్తకాలు దాన్ని ఖండతీరపు అంచు అంటాయి, నాకు ఇప్పటికీ అరుగనే వస్తుంది నోటికి. వేటంతా ఆ అరుగు మీదే.

దాని మీది నీరు ఏడాదిలో రెండు రకాలుగా నడుస్తుంది. వేసవి నుంచి దసరా దాకా గాలి నైరుతి నుంచి ఒడ్డు పొడవునా వీస్తుంది. పై నీరు ఈశాన్యంగా, యానాం కాకినాడల వైపు పోతూ పోతూ కుడికి ఒరిగి లోతు మీదికి జారుకుంటుంది. గోదావరి వరద దిగినప్పుడు ఎర్రనీరు కూడా ఆ వైపే తిరగడం మా పేట నుంచి కనిపిస్తుంది. దసరా వెళ్ళి దీపావళి వచ్చేవేళకి గాలి ఈశాన్యానికి మారుతుంది. మావాళ్ళు అప్పుడు నీరు తిరిగింది అంటారు. తిరిగిన నీరు అంతర్వేది వైపు దిగుతుంది. అప్పుడూ కుడికే ఒరుగుతుంది, కాకపోతే ఈసారి కుడివైపున ఉండేది మా ఒడ్డు. అందుకని ఆషాఢంలో పడినదాన్ని సముద్రం లోపలికి తీసుకుపోతుంది. కార్తీకంలో పడినదాన్ని తెచ్చి ఎవరో ఒకరి గుమ్మం ముందు పెడుతుంది.

ఇది నాన్న మాట మాత్రమే అయితే నేను నమ్మేదాన్ని కాదేమో. నేను ఎమ్మెస్సీ చదివేటప్పుడు మా మాస్టార్లు నీటి దారి కనిపెట్టడానికి ఎండు కొబ్బరికాయలకి ఎర్రరంగు పూసి, అంకె వేసి, ఫోన్ నంబరు రాసి సముద్రంలో వేయించారు. కోనసీమలో ఇంతకంటే తేలిగ్గా దొరికేది ఏముంది? బోటు మా అన్నది. కాయలు విసిరేది నేను. "ప్రొఫెసరమ్మా, సముద్రానికి మొక్కు తీరుస్తున్నావా?" అని అన్న ఒకటే నవ్వు. ఆషాఢంలో వేసినవి ఒక్కటీ మా వైపు రాలేదు. ఒకటీ అరా మాత్రం ఎక్కడో విశాఖ పైన, ఒడ్డు వంపు తిరిగిన చోట దొరికాయని ఫోన్లు వచ్చాయి. కార్తీకంలో వేసినవి రెండు మూడు రోజులకే మా దిగువ పేటల్లో ఒడ్డెక్కాయి. ఒకావిడ ఫోన్ చేసి, కాయ కుళ్ళిపోయిందండీ, మంచిది పంపుతారా అని అడిగింది.

ఆరేళ్ళ కిందట ఆషాఢంలో అన్న పోయాడు. వేట నిషేధం ఎత్తేసి ఎన్నో రోజులు కాలేదు. బోటులో ముగ్గురు వెళ్ళారు. అరుగు అంచున ఇంజను ఆగిపోయింది. అల అడ్డంగా పట్టి బోటు తిరగబడింది. మిగతా ఇద్దరూ ఖాళీ డీజిలు డబ్బా పట్టుకుని తేలుతుంటే ఇంకో బోటువాళ్ళు చూసి ఎక్కించుకున్నారు. అన్న కూడా కాసేపు ఆ డబ్బా పట్టుకునే ఉన్నాడట. తర్వాత లేడట. ఆ 'తర్వాత' అనే మాట దగ్గర వాళ్ళిద్దరూ తల దించుకుంటారు. నేను అడగడం మానేశాను.

మా పేటలో సముద్రంలో పోయినవాడికి వెంటనే కర్మ చెయ్యరు. నీరు తిరిగేదాకా ఆగుతారు. తిరిగాక కూడా రాకపోతే అప్పుడు దర్భలతో బొమ్మ కట్టి, వాడి చొక్కా తొడిగి, సరుగుడు తోట పక్కన ఇసుకలో పూడుస్తారు. అప్పటిదాకా భార్య గాజులు తియ్యదు, బొట్టు తుడవదు. పేరంటానికి ఆవిడని పిలవరు, నలుగురిలో ఏడవనూ ఏడవనివ్వరు. మా వదిన ఆ నాలుగు నెలలూ అలాగే ఉంది. ఎవరి ముఖమూ చూడకుండా వలలు బాగుచేసుకుంటూ కూర్చునేది.

అమ్మ అన్నం మానేసింది. వాడొచ్చేదాకా మెతుకు ముట్టనంది. టీ తాగేది, బలవంతపెడితే ఒక అరటిపండు తినేది. శ్రావణం వెళ్ళేసరికి అమ్మ జాకెట్టు చేతులు వేలాడటం మొదలుపెట్టాయి. భాద్రపదంలో నూతి దగ్గర పడిపోయింది. దర్భబొమ్మ మాటెత్తితే మండిపడేది. "గడ్డి తెచ్చి నా కొడుకంటే నేనూరుకుంటానా? నీరు తిరగనీ. వాడే వస్తాడు" అనేది. ఆదివారాలు వెళ్ళినప్పుడల్లా నన్ను అదే అడిగేది. "నువ్వు చదూకున్నావు కదమ్మాయ్, నీరు తెస్తాదా వాణ్ణి?" నేను ఏదో పని ఉన్నట్టు లేచి వెళ్ళిపోయేదాన్ని. తేదని నాకు తెలుసు. ఆషాఢపు నీరు పట్టుకెళ్ళినదాన్ని కార్తీకపు నీరు వెనక్కి తెచ్చి అప్పగించదు. అది వేరే నీరు. కానీ అమ్మ బతకదని భయంగా ఉండేది. అన్న మీద బెంగకంటే ఆ భయమే ఎక్కువైపోయింది నాకు. ఇంకెందుకు దాచడం.

కార్తీక పౌర్ణమికి ముందురోజు వదిన ఫోన్ చేసింది. క్లాసులో ఉన్నాను. "అమ్మాయ్, ఒకరొచ్చేరు" అంది. అన్న వచ్చాడని అనలేదు. ఆ తేడా నాకు బస్సులో కూర్చున్నాక తట్టింది.

నేను వెళ్ళేసరికి ఒడ్డున జనం. పోలీసులు వచ్చి ఉన్నారు. పాత దుప్పటి కప్పి ఉంది. ముఖం లేదు, దాని గురించి ఇంకేమీ రాయను. ఎత్తు మా అన్న ఎత్తే. నడుముకి నల్ల మొలతాడు, అది ఎవరికైనా ఉంటుంది. ఎడమ పాదం దుప్పటి బయటికి ఉంది. రెండో వేలు లేదు. అమ్మ ఆ పాదం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "చేపలు కొరికేయి నా తండ్రిని" అంటోంది. చేపలు కొరికింది కాదది. ఆ చోట చర్మం నున్నగా, ఎప్పుడో చిన్నప్పుడు మానిపోయినట్టు ఉంది. నీళ్ళలో నాలుగు నెలలున్న మనిషి అలా ఉండడు కూడా. వారమో పది రోజులో అయి ఉంటుంది. పై నుంచి, విశాఖ వైపు నుంచి దిగిన నీరు తెచ్చిన మనిషి అతను. కొబ్బరికాయ వచ్చిన దారే.

అమ్మ తలెత్తి నన్ను చూసింది. అందరూ నన్నే చూశారు. చదువుకున్నదాన్ని కదా.

"చెప్పమ్మాయ్. నీరు తిరిగి తెస్తాదా?"

"తెస్తుందమ్మా" అన్నాను.

అంతటితో ఊరుకున్నానా? లేదు. లోపలికి పోయిన నీరు సుళ్ళు తిరిగి మళ్ళీ అరుగు ఎక్కుతుందని, కార్తీకంలో ఒడ్డుకి తోస్తుందని, పోలీసాయనకి కూడా అర్థమయ్యేలా ఇసుకలో వేలితో గీసి మరీ చెప్పాను. ఇన్నేళ్ళ నా పాఠాల్లో అంత బాగా చెప్పిన పాఠం ఇంకోటి లేదు. పంచనామా కాగితం మీద, ఇతను మా అన్నే అని, సంతకం నేనే పెట్టాను. ఆస్పత్రిలో నీళ్ళలో ఎన్నాళ్ళున్నాడని అడిగితే నేను చెప్పిందే రాసుకున్నారు. మర్నాడు సరుగుడు తోట పక్కన పూడ్చాం. మొదటి దోసెడు ఇసుక అమ్మ పోసింది. ఆ సాయంత్రం వదిన గాజులు పగలగొట్టారు. అమ్మ స్నానం చేసి వచ్చి, పీట వేసుకుని, పప్పు కలుపుకుని అన్నం తింది. నేను ఆవిడ ఎదురుగా కూర్చుని ఒక్కో ముద్దా చూశాను. సంతోషించాను. దేవుడి మీద ఒట్టు, సంతోషమే అది.

నెల తిరగలేదు. మార్గశిరంలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఒక పెద్దాయన వచ్చాడు. చేతిలో కర్ర, భుజాన గుడ్డ సంచీ, మోకాళ్ళ దాకా ఇసుక. చూడగానే తెలిసిపోయింది, నీటి వెంట నడుస్తున్నవాడని. సముద్రంలో మనిషి పోతే ఇంట్లోవాళ్ళు నీరు దిగే వైపుకి ఒడ్డు వెంబడి నడుస్తారు, పేట పేటకీ ఆగి అడుగుతూ. ఇప్పుడు ఫొటోలు ఫోన్లలో పంపుతున్నారు, అయినా నడిచేవాళ్ళు నడుస్తూనే ఉన్నారు. అలా వచ్చినవాళ్ళకి ఏ పేటలోనైనా అన్నం పెడతారు, అడిగినదానికి అబద్ధం చెప్పరు. ఈ రెండూ ఎవరూ రాసిపెట్టినవి కావు, తప్పినవాళ్ళనీ నేను చూడలేదు.

అమ్మే ఆకు వేసి వడ్డించింది. "కడుపునిండా తినండి బాబూ. మాకూ వచ్చింది ఈ కష్టం. మావాడు దొరికేడు. మీవాడూ దొరుకుతాడు" అంది. ఆయన చేతులెత్తి దండం పెట్టాడు. మాది భీమిలి దాటినాక అని ఊరి పేరు చెప్పాడు. ఆ పేరు వినకపోతే బాగుండునని అప్పుడే అనిపించింది నాకు.

"మా గుంటడు అమ్మా. ఏటకెల్లి రానేదు. ఎడం కాలికి రెండో ఏలు ఉండదు. సిన్నప్పుడు లంగరు పడిపోనాది దాని మీద. ఈ వైపు ఎవులైనా ఒచ్చినారా?"

అమ్మ చేతిలో గరిటె ఆగింది. వదిన గుమ్మంలో నిలబడి ఉంది. ఎవరో ఒకరు మాట్లాడాలి. నేను మాట్లాడాను.

"లేదండీ. ఇటు ఎవరూ రాలేదు. దిగువన అడగండి, అంతర్వేది వైపు. నీరు అటే పోతోంది."

"ఆయ్, అలాగే" అన్నాడు, మా గోదావరి మాట మాకే చెప్పి మర్యాద చేసినట్టు. తిన్న ఆకు తనే తీసి, చెయ్యి కడుక్కుని, కర్ర అందుకున్నాడు. సరుగుడు తోట పక్కనుంచే వెళ్ళాడు. అక్కడ ఇంకా అణగని ఇసుక దిబ్బ మీద అమ్మ పొద్దున్నే పెట్టిన చామంతులున్నాయి. వాటిని చూసి ఒక్క క్షణం ఆగాడు, ఎవరో పోయినవాళ్ళకి అన్నట్టు తల వంచాడు, కదిలాడు. ఆయన వేసే ప్రతి అడుగూ కొడుక్కి దూరంగా పడుతోంది. దారి చూపించింది నేను. పిలవడానికి నోరు తెరిచాను కూడా. వెనక అమ్మ గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపించింది. నోరు మూసేశాను.

తర్వాత ఐదేళ్ళూ అమ్మ బతికింది, అన్నం తింటూనే. ప్రతి ఆదివారం ఆ దిబ్బ దగ్గర కూర్చుని కబుర్లు చెప్పేది. వదిన ఒంట్లో బాగాలేదని, నేను అమలాపురంలో అద్దె ఇల్లు మారానని, అన్నీ చెప్పేది. ఎవరి కొడుక్కో మా ఇంటి సంగతులన్నీ తెలుసు. నేను దగ్గర నిలబడితే నాకు వీపు మీద ఎవరో చూస్తున్నట్టుండేది. దయ్యాలంటే నమ్మను, కొట్టినా నమ్మను. అయినా కార్తీకం వచ్చి గాలి మారిందంటే చాలు, మేడ మీద నా అద్దె గదిలో కిటికీ వేసేసుకుని కూర్చునేదాన్ని. ఇసుకలో కర్ర దిగబడి లేస్తున్నట్టు వినిపించేది. బోర్డు మీద బాణం గుర్తు గీస్తుంటే చెయ్యి ఆగిపోయేది, ఆ బాణం వెంట ఆ పెద్దాయన ఎంతదూరం పోయాడోనని. మచిలీపట్నం దాటాడా? ఎక్కడ ఆగాడు? ఎవరు చెప్పారు ఇక చాలు, ఇంటికి పొమ్మని?

నిరుడు మాఘంలో అమ్మ పోయింది. పదకొండో రోజు అయ్యాక వదినా నేనూ పెరట్లో కూర్చున్నాం. చెబుదామనుకున్నాను. నేను నోరు విప్పేలోపు ఆవిడే అంది.

"మీ అన్న పాదం నాకు తెలీదా అమ్మాయ్?"

"మరెందుకు ఊరుకున్నావు వదినా? నా మాట మీద గాజులు తీసేశావే!"

"అత్తగారు అన్నం తినాలి కదా. నువ్వూ అందుకే కదా చెప్పేవు. ఆ పెద్దాయన వెళ్ళేక అత్తగారు నాతో ఒక్క మాటన్నారు. ఆయనకి ఇంకో ముద్ద వేసుండాల్సింది, అన్నారు. ఇంకేం అన్లేదు. నేనూ అడగలేదు." మళ్ళీ తనే అంది. "ఇప్పుడు మనింట్లో అన్నం మానేసేవాళ్ళెవరూ లేరు. వెళ్ళి చెప్పిరా."

అమ్మతో సహా ముగ్గురం ఐదేళ్ళు ఆ ఒక్క విషయం చుట్టూ నడిచామన్నమాట, ఒకరికొకరం తగలకుండా. ఆవిడ మీద కోపం వచ్చింది, నా మీద అసహ్యం వేసింది. ఏడుపు మాత్రం రాలేదు.

వేసవి సెలవుల్లో వెళ్ళాను. గాలి అప్పటికే నైరుతికి మారింది. నీరు నేను పోతున్న వైపే పోతోంది. భీమిలి దాటాక ఆ ఊరు వెతకనక్కర్లేదు, ఆటో అతనికి తెలుసు. రెండో వేలు లేని అబ్బాయి ఇల్లని అడిగితే ఒక రేకుల ఇల్లు చూపించారు. గుమ్మంలో అతని తల్లి, ముసలావిడ, ఎండుచేపలు తిరగేస్తోంది. పెద్దాయన పోయి మూడేళ్ళయిందట. మొదటి ఏడు నిజాంపట్నం దాకా నడిచి వచ్చాడట. రెండో ఏడు కూడా బయల్దేరాడు, కాకినాడ దగ్గర కాళ్ళు వాచిపోతే ఎవరో బస్సెక్కించారు.

ఆవిడ ఎదుట ఇసుకలోనే కూర్చున్నాను. చెప్పాల్సింది బస్సులో వంద రకాలుగా సర్దుకున్నాను. అక్కడ ఒక్కటీ గుర్తు రాలేదు.

"మీ అబ్బాయి మా దగ్గరికి వచ్చాడండీ. ఆ కార్తీకంలోనే. మా అన్న అని చెప్పి మేము పూడ్చుకున్నాం. మీ ఆయన వచ్చి అడిగితే రాలేదని చెప్పింది నేనే."

ఆవిడ చేతిలోని చేప కింద పెట్టింది. తిడుతుందనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. చాలాసేపు సముద్రం వైపు చూసింది.

"మట్టెవులు పోసినారు?"

"మా అమ్మండీ."

"ఏడిసినాదా?"

"ఏడ్చిందండీ. కొడుకనే ఏడ్చింది. ఐదేళ్ళు పువ్వులు పెట్టింది."

ఆవిడ తల ఊపింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. బయటికి తీసి తెచ్చుకుంటారా, కాగితాలన్నీ నేను చూస్తాను, నేను చేసింది పోలీసులకి నేనే చెబుతాను అన్నాను. ఉండనీమన్నట్టు చెయ్యి ఊపింది. తర్వాత నన్ను తేరిపార చూసి అడిగింది.

"మరి మీ అన్న? ఎలగుంటాడు?"

ఆరేళ్ళలో నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు. దొరికాడని చెప్పుకున్నాం కదా, ఇక గుర్తులెందుకు ఎవరికి? నేను చెప్పాను. కుడి భుజం మీద కందిగింజంత పుట్టుమచ్చ. ముందు పన్ను సగం విరిగి ఉంటుంది. మెడలో రాగి తాయెత్తు, దాని మూత ఊడిపోతే వదిన ఎర్రదారం చుట్టింది. పోయింది ఆషాఢంలో, నీరు ఈ వైపే నడిచేటప్పుడు. చెబుతూ చెబుతూ మొదటిసారి అన్న కోసం ఏడ్చాను.

ఎర్రదారం అన్న దగ్గర ఆవిడ చూపు ఒక్కసారి గుడిసెల వెనక సరుగుడు చెట్ల వైపు పోయి వచ్చింది. పోయి వచ్చిందనే అనుకుంటున్నాను.

"అలాటోలెవులూ ఈ వైపు రానేదమ్మా" అంది.

ఎంతో నెమ్మదిగా, ఆదరంగా చెప్పింది. ఆ రోజు నేనూ ఆ పెద్దాయనకి అలాగే చెప్పాను.